అధిక్షేపం

సంస్కృతంలో ‘క్షిప్’ ధాతువుకు విసరడమని, ‘అధి’ ఉపసర్గకు పైన అని అర్థం కనుక, ఎదుటివారి మీదికి మాటను విసరడమే అధిక్షేపానికి మూలార్థం. నింద, తిరస్కారం అనే అర్థాల్లో వాడుకలో ఉన్న ఈ మాట, లోకంలోని దోషాలను ఎత్తిచూపే కవిత్వశాఖకు పేరై స్థిరపడింది. వ్యాజస్తుతి, అంటే నింద రూపంలో సాగే పొగడ్త, ప్రధానమైన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకాన్ని విమర్శకులు ఈ శాఖలోనే చేర్చారు.

ఇంగ్లీషులో దీనికి సాటివచ్చే ‘సెటైర్’ లాటిన్ ‘సతుర’ నుండి పుట్టింది. పలు రకాల పదార్థాల మేళవింపు దాని తొలి అర్థం. ఫ్రెంచి కవి బ్వాలో 1666లో సెటైర్లను, తరువాత పద్యలేఖలైన ఎపిసిల్‌లను ప్రకటించగా, వాటిని ఇంగ్లీషు కవులు తమ ఛందస్సులోకి మార్చుకున్నారు. ఆయన కావ్యకళా గ్రంథాన్ని విలియం సోమ్ అనువదించగా డ్రైడెన్ సవరించాడు. తెలుగు అధిక్షేపం ఇంగ్లీషుకు చేరిన తొలి ముఖ్యఘట్టం 1829లో సి.పి. బ్రౌన్ ఆంగ్లానువాదంతో వెలువరించిన వేమన పద్యాలు.

కర్ణాటకలోని చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చే పాఠకులకు ‘విడంబన’ అనే కన్నడ పర్యాయం కూడా పరిచితమే. అనుకరించడం దాని మూలార్థం. ఈ సీమలోనే, చింతామణి తాలూకా కైవారానికి చెందిన కవి నారేయణ యోగి తెలుగు, కన్నడ భాషల్లో తత్త్వకీర్తనలు రచించాడు. వేమనకు లభించినంత అనువాద శ్రద్ధ ఈ సీమ కవికి కూడా దక్కాలి.