తినేది కొంచెమే అయినా ఒంటికి బలం పట్టేదెలా?

ఇంట్లో పెద్దవాళ్లు నాలుగు ముద్దలు తిని "చాల్లే బేటా, ఇక పోదు" అని చేయి కడిగేసుకుంటారు. జ్వరం నుంచి లేచినవాళ్లకు అన్నం చూస్తేనే వికారం. ఆపరేషన్ అయినవాళ్లు, టీబీ మందులు వాడుతున్నవాళ్లు, ఇంట్లో మౌత్ జరిగి దుఃఖంలో ఉన్నవాళ్లు కూడా సరిగా తినలేరు. అప్పుడు ఇంట్లోవాళ్లు మొదట చేసే పని, "ఇంకొంచెం పెట్టుకో" అని బలవంతపెట్టడం. రెండోది, "తేలిగ్గా అరుగుతుంది" అని చారన్నం, పల్చటి జావ, బ్రెడ్డు, చాయ్ బిస్కెట్ ఇవ్వడం. ఈ రెండింటితోనూ పెద్దగా ఫలితం ఉండదు. బలవంతం చేస్తే తిండి మీద విరక్తి పుడుతుంది. పల్చటి తిండితో కడుపు నిండుతుంది గానీ ఒంటికి ఏమీ పట్టదు.

చేయాల్సింది వేరే ఉంది. ముద్దల సంఖ్య పెంచకుండా, తినే ఆ నాలుగు ముద్దల్లోనే బలం పెంచాలి.

లెక్క ఎలా ఉంటుంది?

మన ఒంటికి శక్తి కేలరీల రూపంలో అందుతుంది. ఒక గ్రాము పిండిపదార్థంలో సుమారు 4 కేలరీలు, ఒక గ్రాము మాంసకృత్తుల్లోనూ 4 కేలరీలే ఉంటాయి. ఒక గ్రాము కొవ్వులో మాత్రం 9 ఉంటాయి. నీళ్లలో అసలు ఉండవు. అందుకే గిన్నెడు చారు తాగినా దక్కేది అంతంతమాత్రమే, ఒక్క టీ స్పూన్ నెయ్యిలో మాత్రం 45 కేలరీల దాకా ఉంటాయి.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. 150 గ్రాముల అన్నం, అంటే ఒక చిన్న కప్పు, చారుతో తింటే మొత్తం 210 కేలరీలు దాటవు. మాంసకృత్తులు 4, 5 గ్రాములే. అదే కప్పుడు మెత్తటి ఖిచిడీలో రెండు టీ స్పూన్ల నెయ్యి కలిపి, ఉడికించిన గుడ్డు ఒకటి చిదిమి పెడితే 340 కేలరీల దాకా వస్తాయి. మాంసకృత్తులు కూడా రెండింతలు దాటుతాయి. గిన్నె అంతే, తినే టైమూ అంతే.

మన వంటింట్లోనే ఉన్న బలం

ఖరీదైన పౌడర్ డబ్బాలు కొననక్కర్లేదు. ఈ కింది వాటిలో చాలావరకు ఇంట్లో ఉండేవే.

నెయ్యి, నూనె: అన్నం, పప్పు, ఉప్మా, రొట్టె దేని మీదైనా ఒక టీ స్పూన్ నెయ్యి వేయొచ్చు. గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకు నెయ్యి బదులు పల్లీ నూనె, నువ్వుల నూనె వాడాలి. కేలరీలు దాదాపు అంతే.

పల్లీలు: 25 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, 140 కేలరీలు ఇస్తాయి. వేయించి పొడి చేసి అన్నంలో, పెరుగులో, కూరలో కలపొచ్చు. నువ్వుల పొడి కూడా అంతే మంచిది.

గుడ్డు: ఒక గుడ్డులో 70 నుంచి 75 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పళ్లు లేనివాళ్లు కూడా తినగలరు. ఉడుకుతున్న ఖిచిడీలో, సూప్‌లో గుడ్డు కొట్టి కలిపేస్తే తింటున్నట్టే తెలియదు. పచ్చి గుడ్డు మాత్రం ఇవ్వకండి.

పాలు, పెరుగు: చిక్కటి గేదె పాలు 100 మిల్లీలీటర్లలో 100 కేలరీలకు పైనే ఉంటాయి. గ్లాసు పాలలో రెండు టీ స్పూన్ల పాల పొడి కలిపితే ఇంకో 40 పెరుగుతాయి. నీళ్లు పోసి కాచే జావ, సేమియా, ఓట్స్ వంటివన్నీ పాలతో కాచండి. మజ్జిగ బదులు గట్టి పెరుగు, లస్సీ ఇవ్వండి.

ఖీమా, పప్పు: మెత్తగా ఉడికిన ఖీమా, దాల్చా, ముద్దపప్పు నమలడానికి సులువు. వారానికోసారి పెద్ద మటన్ దావత్ కంటే రోజూ రెండు స్పూన్ల ఖీమా మేలు.

ఖర్జూరం, అరటిపండు, బాదం: మామూలు ఖర్జూరం ఒక్కోదానిలో 20 నుంచి 25 కేలరీలు, మోస్తరు అరటిపండులో 90 నుంచి 100, పది బాదం గింజల్లో 70 దాకా ఉంటాయి.

పెద్దలకు ముందే తెలిసిన సంగతి

మన ఇళ్లలో పాతకాలం నుంచి ఉన్న వంటలు కొన్ని ఈ సూత్రం మీదే నడుస్తాయి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంలో గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి అన్నీ ఒకే గిన్నెలో మెత్తగా దంచి ఉంటాయి. పళ్లతో పనిలేదు, కప్పుడు తింటే ఓ పూట భోజనమే. బాలింతలకు బాదం, పాలు, నెయ్యితో చేసి ఇచ్చే హరీరా, పండుగ రోజు షీర్ ఖుర్మా కూడా ఆ కోవలోవే.

తల్బీనా సంగతి చాలామందికి తెలుసు. జబ్బుపడ్డవారికి, దుఃఖంలో ఉన్నవారికి దీన్ని ఇవ్వమని ప్రవక్త ముహమ్మద్ (స) సూచించినట్లు హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఇంట్లో చేయడం చాలా సులువు. రెండు పెద్ద స్పూన్ల బార్లీ పిండిని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలపాలి. మొత్తం గ్లాసుడు పాలు పోసి సన్న సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. చిక్కబడ్డాక మూడు ఖర్జూరాలు చిదిమి, కొంచెం బాదం పొడి వేసి దించాలి. చల్లారాక తేనె కలపొచ్చు. చిక్కటి పాలతో చేస్తే ఈ ఒక్క గిన్నెలో 350 కేలరీల దాకా ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లకు తేనె, ఖర్జూరం మానేసి బాదం, పల్లీ పొడి పెంచాలి.

రోజంతా ఎలా పెట్టాలి?

మూడు పెద్ద భోజనాలు పోనప్పుడు ఆరేడు చిన్న భోజనాలు పెట్టండి. ఆకలి కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి రెండు మూడు గంటలకోసారి ఇవ్వాలి. ఒక నమూనా ఇదీ:

ఫజర్ తర్వాత: చిన్న గ్లాసు చిక్కటి పాలు, మూడు ఖర్జూరాలు, ఐదు బాదం. సుమారు 250 కేలరీలు.
ఉదయం టిఫిన్: చిన్న కప్పు ఉప్మా లేదా ఖిచిడీ, స్పూన్ నెయ్యి, ఒక గుడ్డు. సుమారు 300.
11 గంటలకు: అరటిపండు, గుప్పెడు పల్లీలు లేదా పల్లీల లడ్డు. సుమారు 240.
జొహర్ తర్వాత: చిన్న కప్పు అన్నం, చిక్కటి దాల్చా, రెండు మూడు స్పూన్ల ఖీమా, స్పూన్ నెయ్యి. సుమారు 450.
అసర్ తర్వాత: చిన్న గ్లాసు లస్సీ. సుమారు 150.
మగ్రిబ్ తర్వాత: చిన్న కప్పు ఖిచిడీ, గుడ్డు, స్పూన్ నెయ్యి. సుమారు 300.
ఇషా తర్వాత: పాల పొడి కలిపిన పాలు. సుమారు 190.

మొత్తం 1,800 కేలరీలు దాటుతుంది. ఎక్కడా పెద్ద పళ్లెం లేదు. ఇదంతా మొదటి రోజే పెట్టేయాలని లేదు. రెండు మూడు రోజులకు ఒకటి చొప్పున కలుపుతూ వెళ్లాలి. ఇప్పుడు తింటున్న దానికి రోజుకు 300 నుంచి 500 కేలరీలు జోడించగలిగితే చాలామందిలో బరువు మెల్లగా పెరుగుతుంది.

ఆకలిని చంపే అలవాట్లు

భోజనానికి ముందు చాయ్ తాగితే ఆకలి చస్తుంది. చాయ్ భోజనం అయ్యాక ఓ గంటకు పెట్టుకోండి. తినేముందు, తినేటప్పుడు గ్లాసులకొద్దీ నీళ్లు తాగకుండా భోజనాల మధ్యలో తాగాలి. నోరు చేదుగా ఉంటే నిమ్మరసం పిండిన కూర, పుదీనా చట్నీ, అల్లం ముక్క రుచి తెస్తాయి. వంట వాసనకే కడుపులో తిప్పేవారికి చల్లారిన తిండి నయం. కట్టుడు పళ్లు వదులైనా, నోట్లో పుండ్లున్నా చాలామంది చెప్పరు, తినడం మానేస్తారు. ఒకసారి నోరు చూడండి.

ఒంటరి గదిలో పళ్లెం పెట్టి వచ్చేస్తే ముసలివాళ్లు సగం తిని వదిలేస్తారు. దస్తర్‌ఖాన్ దగ్గర నలుగురితో కూర్చోబెడితే వాళ్లకు తెలియకుండానే రెండు ముద్దలు ఎక్కువ తింటారు.

కేలరీలు కావాలి కదా అని కూల్ డ్రింకులు, వనస్పతి మిఠాయిలు, మిర్చి బజ్జీలు పెట్టకూడదు. వాటిలో శక్తి ఉంటుంది గానీ కండ పట్టే సరుకు ఉండదు. "పదిహేను రోజుల్లో ఒళ్లు చేస్తుంది" అని అమ్మే గోళీలు, పేరులేని పొడుల జోలికి అసలు పోవద్దు. అలాంటి కొన్నింటిలో స్టెరాయిడ్స్ ఉంటాయి. ముఖం ఉబ్బి, నీరు పట్టి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది, లోపల షుగర్, బీపీ పెరిగిపోతాయి.

రమజాన్‌లో

బలహీనంగా ఉండి కూడా రోజా ఉండగలిగేవారు సహర్‌ను వదలకూడదు. గుడ్డు, పెరుగు, నెయ్యి రాసిన రొట్టె, ఖీమా లాంటివి తినాలి. ఇఫ్తార్‌లో ముందే షర్బత్‌తో కడుపు నింపుకోకుండా ఖర్జూరం, కొన్ని నీళ్లు, తర్వాత హలీం లేదా తల్బీనా తీసుకోవాలి. తరావీహ్ తర్వాత ఇంకో చిన్న భోజనం ఉండాలి. రోగులకు రోజా నుంచి మినహాయింపును ఖుర్ఆన్ అల్ బఖరా సూరాయే ఇచ్చింది. బరువు తగ్గిపోతున్న పెద్దవాళ్ల విషయంలో డాక్టర్‌నూ, ఆలిమ్‌నూ అడిగి నిర్ణయించుకోవాలి. "ఎలాగైనా ఉంటాను" అన్నారని ఊరుకోకూడదు.

ఎవరికి జాగ్రత్త అవసరం?

ఐదు రోజులు, ఆపైన దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె మీద ప్రభావం పడొచ్చు. అలాంటివారిని ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాంసకృత్తులు, అరటిపండు, ఖర్జూరం ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు తీపి బదులు గుడ్డు, పల్లీలు, నూనెతో బలం పెంచాలి. మింగడం కష్టమైనవాళ్లకు గింజలు అలాగే ఇవ్వకూడదు, పొడి చేసి కలపాలి.

తిండితో తీరని బరువు తగ్గుదల

గాజులు జారిపోవడం, ఉంగరం వదులవడం, కుర్తా వేలాడటం కనిపిస్తే "వయసు కదా" అని వదిలేయకండి. వారానికోసారి ఒకే సమయంలో బరువు చూసి కాగితం మీద రాసిపెట్టండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో ఇరవయ్యో వంతు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, డాక్టర్‌కు చూపించాల్సిందే. అదుపు తప్పిన షుగర్, థైరాయిడ్, క్యాన్సర్, మనోవ్యథ, కొన్ని మందులు, ఏదైనా కారణం కావచ్చు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొందరిలో ఆకలి తగ్గిస్తుంది. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. చికిత్సలో ఉన్నవారి పోషణ కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో మొదలైనప్పుడు ఇది 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి పెంచారు. పేరు నమోదు చేసేటప్పుడే ఆధార్, ఖాతా నంబర్ ఇవ్వాలి. ఆ వెయ్యి రూపాయలను గుడ్లు, పాలు, పల్లీల మీద పెడితే మందు పనిచేసే ఒంటికి ఆసరా దొరుకుతుంది.