కలిసి రాసినవాళ్ళు, వెన్నంటి నిలిచినవాళ్ళు

ఏళ్ళ తరబడి మనసులో పెరుగుతూ వచ్చిన పెద్ద కథకు తోడు రచయితను వెతుక్కోవడం తెలుగు సాహిత్యంలో రెండు దారుల్లో సాగింది. పద్యంలో అది సంప్రదాయం. పదిహేనో శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగన కలిసి ప్రబోధచంద్రోదయాన్నీ వరాహపురాణాన్నీ తెలుగు చేశారు. ఆ తరవాత జంటకవుల పరంపర ఇరవయ్యో శతాబ్దం దాకా తెగలేదు. వచనంలో, అందులోనూ కథ, నవల, నాటకాల్లో, ఇద్దరు కలిసి ఒకే రచన చేయడం చాలా అరుదు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల సాహిత్య చరిత్రలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆధునిక తెలుగు వచనం ఇక్కడే నిలదొక్కుకుంది. దాన్ని నిలబెట్టినవాళ్ళు ఒంటరిగా పని చేసినవాళ్ళు కారు. అయినా ముఖపత్రం మీద మాత్రం చాలాసార్లు ఒకే పేరు ఉంటుంది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో కథ చెప్పడం ఎప్పుడూ ఒక్కరి పని కాదు. జముకులకథలో కథకుడితో పాటు వంతలుంటారు. వాళ్ళు పాటను అందుకుంటారు, మధ్యలో ప్రశ్న వేస్తారు, కథ బరువెక్కినచోట నవ్విస్తారు, కథకుడు ఆగినచోట మళ్ళీ ఎత్తుకుంటారు. రాత్రంతా సాగే కథ ఆ సాయంతోనే తెల్లవారేదాకా నిలుస్తుంది. వంత అడిగిన ప్రశ్నను బట్టి ఒక ఘట్టం పెరుగుతుంది, మరొకటి తగ్గుతుంది. అందువల్ల ఆ కథ ఫలానావాడిదని చెప్పడం కుదరదు. అచ్చు వచ్చాక ఆ వంత పాత్ర పోలేదు గానీ పుస్తకంలో దానికి చోటు లేకుండా పోయింది.

ఇందుకు పెద్ద ఉదాహరణ కన్యాశుల్కం నాటకం. దాన్ని రాసిన గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21న పుట్టారు. బాల్యం చీపురుపల్లిలో గడిచింది, చదువు విజయనగరంలో సాగింది. మొదట్లో ఆయన ఇంగ్లీషులో రాశారు. 1883లో ‘సారంగధర’ అనే ఇంగ్లీషు కావ్యం విజయనగరం నుంచి వెలువడే ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో వచ్చింది. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దాన్ని చదివి తన పత్రికలో మళ్ళీ వేశారు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. పరాయి భాషలో ఎంత ప్రతిభ చూపినా దక్కే చోటు చిన్నదేననీ, సొంత భాషలో రాయమనీ ముఖర్జీ ఆయన్ని ప్రోత్సహించారు. తెలుగు రాని ఒక బెంగాలీ సంపాదకుడు, వందల మైళ్ళ అవతల కూర్చుని, తెలుగు నాటకానికి దారి వేసినవారిలో ఒకరయ్యారు. ఆ నాటకం అచ్చు కావడం ఆయన చూడలేదు. 1894లో కన్నుమూశారు.

నాటకానికి విషయాన్ని చేరువ చేసినవారు విజయనగరం మహారాజు ఆనందగజపతి. సంస్థానం తరఫున విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారైంది. అందులో 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. అంటే ఏడాదికి సగటున 344. ఆ వధువుల్లో అయిదేళ్ళవాళ్ళూ, మూడేళ్ళవాళ్ళూ, ఏడాది నిండిన పసిపిల్లలూ ఉన్నారు. ఈ లెక్కను గురజాడ మొదటి కూర్పు పీఠికలో నమోదు చేశారు. కల్పనకు కావలసిన ఆవేశం రచయితది కావచ్చు. కానీ పసిపిల్లల వయసులు వరసగా రాసి ఉన్న ఆ కాగితం చేతికి రాకపోతే నాటకానికి ఆ తీవ్రత వచ్చేది కాదు. జాబితా కట్టిన గుమాస్తాల పేర్లు ఎవరికీ తెలియవు.

1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కాన్ని ప్రదర్శించారు. 1897లో పుస్తకం అచ్చయింది, ఆనందగజపతికి అంకితమైంది. ఆ ఏడే మహారాజు మరణించారు. గురజాడ మాత్రం ఆ నాటకాన్ని వదలలేదు. పన్నెండేళ్ళ తరవాత, 1909లో, అయిదంకాల నాటకం ఏడంకాలై వచ్చింది. ఆ తిరగరాతలో కొంత భాగం నీలగిరిలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు సాగింది. ఈ రెండో కూర్పును సవరణ అనడం సరికాదు, ఇది కొత్త రచన. మధురవాణి పాత్ర ఇందులోనే పూర్తిగా ఎదిగింది. ప్రదర్శనకూ రెండో కూర్పుకూ మధ్య గడిచిన పదిహేడేళ్ళలో నాటకానికి అసలు తోడుగా నిలిచింది విజయనగరం ఊరే. నటులు పలికిన తీరు, చూసినవాళ్ళు నవ్విన చోటు, బొంకులదిబ్బ మీద వినిపించే మాట, కోర్టుపక్షుల వాదన, అగ్రహారం ఆడవాళ్ళ కబుర్లు రెండో కూర్పులోకి నడిచి వచ్చాయి.

భాష విషయంలో గురజాడకు దొరికిన తోడు ఇంకా గట్టిది. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం హైస్కూల్లో ఇద్దరూ సహపాఠులు. తరవాత గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు, గురజాడ విజయనగరం సంస్థానంలో ఉండిపోయారు. ఇద్దరి పనులూ వేరు. గిడుగు సవరల మధ్య తిరిగారు, సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. లిపి లేని భాషను చెవితో పట్టుకుని రాయడం అలవాటైన మనిషికి తెలుగు పాఠ్యపుస్తకాల భాష ఎంత కృత్రిమమో ఇట్టే తెలిసిపోయింది. గురజాడ అదే సంగతిని నాటకం రాస్తూ తెలుసుకున్నారు. ఒకరు వ్యాకరణం వైపు నుంచీ, మరొకరు పాత్రల నోటి నుంచీ ఒకే చోటికి చేరారు.

వాళ్ళిద్దరినీ ఒక ఉద్యమంలోకి దింపినవారు మరో ఇద్దరు. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా విశాఖ ప్రాంతానికి వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడేది ఒకటీ పుస్తకంలో ఉన్నది ఒకటీ ఎందుకని అడిగారు. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనుషులుగా గిడుగునూ గురజాడనూ చూపించారు. ఒక ఇంగ్లీషు అధికారి, ఒక తమిళ విద్వాంసుడు, ఇద్దరు ఉత్తరాంధ్ర మాస్టర్లు. వ్యావహారిక భాషోద్యమం ఈ నలుగురి కలయికతో మొదలైంది. 1910లో గురజాడ గేయం ‘ముత్యాల సరాలు’, కథ ‘దిద్దుబాటు’ వచ్చాయి. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. 1914లో గురజాడ గ్రాంథికానికి వ్యతిరేకంగా తన అసమ్మతి పత్రాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించారు. 1915 నవంబరు 30న ఆయన పోయారు.

గిడుగు ఇంకో పాతికేళ్ళు బతికారు. ఊరూరా సభల్లో వాదించారు, 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు, 1931లో సవర భాషా వ్యాకరణం వెలువరించారు, 1940 జనవరి 22న మరణించారు. ఆయన పేరు కన్యాశుల్కం మీద ఎక్కడా ఉండదు. కానీ ఆ నాటకం పాఠ్యాంశం అయ్యేంతగా తెలుగువాళ్ళ చెవిని మార్చినవాడు ఆయనే. ఒకరు రాసిపెట్టిన భాషకు సమాజంలో గౌరవం సంపాదించి పెట్టడం కూడా రచనలో పాలు పంచుకోవడమే.

గురజాడ అసంపూర్ణంగా వదిలినవీ ఉన్నాయి. కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు పూర్తి కాలేదు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న డైరీలు, ఉత్తరాలు, నోట్సు దశాబ్దాల పాటు కాగితాల కట్టలుగా మిగిలాయి. వాటి మీద కూర్చుని, చదివి, తెలుగు చేసి విశాలాంధ్ర ప్రచురణాలయం ద్వారా పాఠకులకు అందేలా చేసినవారు అవసరాల సూర్యారావు. చనిపోయిన రచయిత రాతను పోల్చుకుంటూ, ఆయన ఎక్కడ ఏం అనుకున్నాడో తేల్చుకుంటూ చేసిన ఆ చాకిరీ సామాన్యమైంది కాదు. ఈనాడు గురజాడ ఆలోచన గురించి ఎవరు ఏ వాక్యం రాసినా అందులో సూర్యారావు శ్రమ ఉంటుంది.

గురజాడ రాస్తున్న కాలంలోనే గోదావరి ప్రాంతంలో జంట రచన వైభవంగా సాగింది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తిరుపతి వేంకట కవులుగా అవధానాలు చేశారు. 1920లో తిరుపతిశాస్త్రి మరణించాక కూడా చెళ్ళపిళ్ళ జంట పేరుతోనే ప్రచురిస్తూ వచ్చారు. పద్యానికి ఇది కుదరడానికి కారణముంది. గణాలు, యతి, ప్రాస ఇద్దరికీ ఉమ్మడి కొలబద్ద. ఒకరు రెండు పాదాలు చెప్తే రెండోవారు మిగిలినవి పూరించగలరు, అతుకు కనిపించదు. నవలకు అలాంటి కొలబద్ద లేదు. పాత్ర ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఏ సంగతి చెప్పకుండా వదిలేయాలి అన్నవి ఇద్దరి మనసుల్లో ఒకేలా ఉంటేనే ఉమ్మడి నవల పుడుతుంది.

అది సాధించిన జంటా గోదావరి జిల్లాలోనే ఉంది. బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశం తమ పేర్లను కలిపి వేంకట పార్వతీశ కవులయ్యారు. 1922 నాటి ‘ఏకాంత సేవ’ వాళ్ళకు కవులుగా పేరు తెచ్చింది. కానీ వాళ్ళ జంటకు అసలు పరీక్ష వచనమే. ‘వసుమతీ వసంతము’, ‘మాతృమందిరం’ వంటి నవలలు రాశారు, బెంగాలీ నవలలను తెలుగులోకి తెచ్చారు, ఆంధ్ర ప్రచారిణీ గ్రంథమాల ద్వారా నవలను ఇంటింటికీ చేర్చే పని పెట్టుకున్నారు. అనువాదం వాళ్ళకు మంచి శిక్షణ అయి ఉండాలి. కథ ముందే సిద్ధంగా ఉంటే ఇద్దరూ వాక్యం మీద మాత్రమే ఏకాభిప్రాయానికి వస్తే చాలు. సొంత నవలకు దిగేసరికి ఆ అలవాటు చేతికొస్తుంది.

విజయనగరంలో గురజాడ తరవాతి తరంలో జంట లేదు, మిత్రబృందం ఉంది. చాగంటి సోమయాజులు (చాసో), శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి ముగ్గురూ ముప్పైల నుంచి సాహిత్యాన్ని ఒక చర్చగా బతికారు. నారాయణబాబు కవి. టెక్కలి ప్రాంతం నుంచి వచ్చిన రోణంకి ఇంగ్లీషు అధ్యాపకుడు, యూరపు భాషల సాహిత్యాన్ని మూలంలో చదివినవాడు. చాసో మొదట కవిత్వం రాసి, 1942లో ‘చిన్నాజీ’తో కథలోకి వచ్చారు. ఆ కథల్లో ఒక్క మాట వృథాగా ఉండదు. ఇలాంటి పొదుపు ఒంటరిగా గదిలో కూర్చుంటే రావడం కష్టం. పక్కన కూర్చున్నవాడు ఫ్రెంచి కథలు ఎరిగినవాడూ, ఇంకోడు మాట బరువు తెలిసిన కవీ అయినప్పుడు వస్తుంది. కాలేజీ చదువుకు విజయనగరం వచ్చిన ఆరుద్ర కూడా ఆ చర్చల్లోనే రూపుదిద్దుకున్నారు. తరవాత ఆయన శ్రీశ్రీ, అబ్బూరి వరదరాజేశ్వరరావులతో కలిసి ‘మేమే’ రాశారు. అయినా అదీ పద్యమే. చాసో, రోణంకి, నారాయణబాబు పేర్లతో ఉమ్మడి నవల ఏదీ లేదు. ముగ్గురి అభిరుచీ అంత పదునైనప్పుడు ఒక వాక్యం మీద ముగ్గురూ సంతకం పెట్టడం సాధ్యమయ్యేది కాదు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మరో దారి తొక్కారు. 1924లో పుట్టిన ఈ బడిపంతులు 1964లో ‘యజ్ఞం’ ప్రచురించేదాకా చాలాకాలం దాదాపు మౌనంగా ఉన్నారు. కథ నలిగేదాకా ఆగడం ఆయన పద్ధతి. డెబ్బయిల తరవాత రాయడం ఇంచుమించు మానేసి ఇతరుల కథల మీద శ్రద్ధ పెట్టారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది సంకల్పం. కొత్తవాళ్ళు తెచ్చిన కథను ఓపిగ్గా చదివి ఎక్కడ కుంటుతోందో చెప్పే పెద్దగా ‘కారా మాస్టారు’ 2021 వరకూ అక్కడ ఉన్నారు. ఉత్తరాంధ్ర కథకుల్లో ఎంతోమందికి మొదటి గట్టి పాఠకుడు ఆయనే.

వచనంలో అచ్చమైన జంట రచన ఉత్తరాంధ్రలో కావాలంటే బీనాదేవి దగ్గరికి రావాలి. అది ఒక మనిషి పేరు కాదు. న్యాయశాఖలో పనిచేసిన భాగవతుల నరసింగరావు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ కలిసి పెట్టుకున్న కలంపేరు. ‘పుణ్యభూమీ కళ్ళు తెరు’, ‘హేంగ్ మి క్విక్’ ఆ పేరుతో వచ్చిన నవలలు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వకీలుగా స్థిరపడిన రావిశాస్త్రి ప్రభావం వీటి మీద ఉందని విమర్శకులు గుర్తించారు. రావిశాస్త్రి కోర్టును బోను వైపు నుంచి చూశారు. బీనాదేవి రచనల్లో న్యాయపీఠం వైపు చూపూ, ఇంటి లోపలి నుంచి ఒక స్త్రీ చూసే చూపూ కలుస్తాయి. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరికి రెండు లోకాలు తెలియడం ఈ జంటకు దొరికిన గొప్ప వనరు. ఒకరి అనుభవమే రెండోవారిదీ అయితే కలిసి రాయడానికి ఏమీ మిగలదు.

స్త్రీ పేరు ఎంచుకోవడం కూడా ఆలోచించదగ్గదే. అరవైలు, డెబ్బయిల్లో వారపత్రికల నిండా రచయిత్రుల సీరియళ్ళు. ఆ పేరు చూసి ఇంటి కథ కోసం పుస్తకం తెరిచిన పాఠకుడికి లంచం, పోలీసు, కోర్టు, పేదవాడికి అందని న్యాయం ఎదురయ్యేవి. నరసింగరావు 1990లో మరణించారు. త్రిపురసుందరమ్మ ఆ తరవాత కూడా బీనాదేవి పేరుతోనే కథలు రాశారు.