ఇంటి జాగా: పట్టా ఉంది, అమ్మే హక్కు ఏది?

భూమి అనగానే మన చరిత్రకారులకు సాగుభూమే గుర్తొస్తుంది. కౌలు, సీలింగు, పోడు గురించి ఎన్నో గ్రంథాలొచ్చాయి. వాడలో ఇంటి జాగా ఎట్లా వచ్చింది, ఎట్లా చేతులు మారింది అన్నది మాత్రం చాలా తక్కువమంది పట్టించుకున్నారు. కూలికి పోయేవాడికి అసలు ప్రశ్న ఇదే. గుడిసె వేసుకున్న జాగా ఆసామిదైతే, కూలి పెంచమని అడగడానికి నోరెట్లా లేస్తుంది?

ఈ సంగతి తెల్లదొరల కాగితాల్లోనే ఉంది. 1890ల తొలినాళ్లలో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ పరయల స్థితి మీద నోట్ రాశాడు. ఇళ్ల స్థలాల మీద మిరాసీదార్ల పెత్తనమే వాళ్లను కట్టిపడేస్తున్నదని అందులో చూపించాడు. 1920 తర్వాత లేబర్ కమిషనర్ శాఖ అణగారిన కులాలకు ఇళ్ల స్థలాలు సేకరించి ఇచ్చే పని చేపట్టింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ భూమి పట్టాగా ఇచ్చేటప్పుడు 'అమ్మరాదు' అనే షరతు చేరింది. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి ఉత్తర్వు, తెలంగాణలో 1958 జూలై 25 నాటి ఉత్తర్వు దీనికి మూలం. అందుకే పట్టా ఏ తేదీదో చూడకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు. ఆ షరతుకు 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం బలమిచ్చింది. సాగుకిచ్చిన భూమికే కాదు, ఇంటి స్థలానికి కూడా అది వర్తించింది.

మామూలు ఇల్లు కొనాలంటే దారి తెలిసిందే. అమ్మేవాని లింకు డాక్యుమెంట్లు చూడాలి, ఈసీ తియ్యాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి, సబ్‌రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టాలి, ఇంటి పన్ను పేరు మార్చుకోవాలి. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. అసైన్డ్ జాగాకు ఆ గడపే మూసుకుపోయింది. దాన్ని అమ్మే దస్తావేజు తీసుకోవద్దని 1977 చట్టమే రిజిస్ట్రారుకు చెప్పింది. తర్వాత 22-ఎ సెక్షన్ కింద నిషేధ జాబితాలు వచ్చాయి.

అమ్మకాలు ఆగినాయా? ఆగలేదు. ఆస్పత్రి ఖర్చు, అప్పు, బిడ్డ పెండ్లి చట్టాన్ని అడిగి రావు. తెల్లకాగితం మీద, నోటరీ మీద, జీపీఏ మీద జాగాలు పోయినాయి. 'రిజిస్ట్రేషన్ కాదు కదా' అని కొనేవాడు ధర తగ్గించాడు. జీపీఏతో యాజమాన్య హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పేదవాడికి ధరా దక్కలేదు, కొన్నవానికి హక్కూ రాలేదు. కానీ జాగా మాత్రం వాడ చెయ్యి దాటింది.

ఇదే చట్టంలో మనకు పనికొచ్చే సెక్షన్ కూడా ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం ఆక్రమించినవాణ్ణి ఖాళీ చేయించి, జాగాను మొదటి పట్టాదారుకో వారసులకో తిరిగి ఇవ్వాలి. నిషేధం పేదవాడి ధర తగ్గించడానికి పనికొచ్చినంతగా, ఆయన జాగా తిరిగి ఇప్పించడానికి పనికొచ్చిందా?

ప్రభుత్వం తీసుకునేటప్పుడూ ఇదే తంతు. అసైన్డ్ భూమికి పూర్తి ధర ఇవ్వనక్కరలేదని అధికారులు వాదిస్తూ వచ్చారు. 2004లో చేవెళ్ల ఆర్డీఓ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అది చెల్లదన్నది. అసైన్డ్ పట్టాదారుకు కూడా మిగతా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 సవరణ ఇంటి స్థలాన్ని 20 ఏళ్ల తర్వాత అమ్ముకోనిచ్చింది. 2021లో ఆ గడువు 10 ఏళ్లకు దిగింది. దీన్ని స్వేచ్ఛ అనేవాళ్లున్నారు, ఊరికి అమ్ముడుపోవడం అనేవాళ్లున్నారు. మేం రెండింటినీ తోసిపుచ్చం. అమ్మే హక్కు లేని ఆస్తి సగం ఆస్తే. అయితే తెల్లకాగితాల మీద ఇప్పటికే పోయిన జాగాల లెక్క తేల్చకుండా తలుపు తెరిస్తే, పాత ఆక్రమణకు కొత్త రిజిస్ట్రేషన్ దొరుకుతుంది.

ఆ లెక్క తేల్చే పని మన విద్యార్థులు, కార్యకర్తలు మొదలుపెట్టాలి. వాడవాడకూ పోయి పట్టా ఏ తేదీది, షరతు ఏమున్నది, సర్వే నంబరు ఎంత, ఇప్పుడు అందులో ఎవరున్నారు అని రాసుకోవాలి. ట్రంకుపెట్టెల్లో మడిచిపెట్టిన ఆ కాగితాలే మన చరిత్రకు ఆధారాలు, రేపు తహసీల్దారు ముందు మన సాక్ష్యాలు.