మగవాడిగా గుర్తింపు: అమెరికా నల్లజాతీయుల సుదీర్ఘ పోరు

బానిసత్వం సాగినన్నాళ్లూ అమెరికా దక్షిణ రాష్ట్రాల చట్టాల్లో బానిస మగవాడికి భర్తగా, తండ్రిగా హోదా లేదు. బానిసల పెళ్లిళ్లను చట్టం గుర్తించలేదు. పుట్టిన బిడ్డలు తల్లి యజమానికి ఆస్తి అయ్యేవారు. ఆలిని కొరడాతో కొట్టినా, కొడుకును వేలంలో అమ్మినా అడ్డుపడే హక్కు అతనికి లేదు. ఇంటిని పోషించేవాడు, కాపాడేవాడే మగవాడన్న సమాజమే ఆ రెండు దారులనూ ఇతనికి మూసేసింది. ఆ తర్వాతి కథంతా ఈ అన్యాయం చుట్టూ తిరిగింది.

1834లో మేరీలాండ్‌లో, బానిసలను లొంగదీయడంలో పేరుమోసిన ఎడ్వర్డ్ కోవీ అనే రైతుతో పదహారేళ్ల బానిస ఫ్రెడరిక్ డగ్లస్ కలబడ్డాడు. తన బతుకు మలుపు తిరిగింది అక్కడేనని 1845 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. అంతర్యుద్ధంలో సుమారు 1,79,000 మంది నల్లజాతి మగవారు ఉత్తరాది యూనియన్ సైన్యంలో పనిచేశారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. వీరికి 10, అందులోనూ దుస్తుల పేరిట 3 డాలర్ల కోత. నల్లజాతి సైనికుల 54వ మసాచుసెట్స్ దళం ఆ తక్కువ జీతాన్ని ముట్టనేలేదు. ఇంటి దగ్గర భార్యాబిడ్డలు అవస్థ పడుతున్నా, 1864లో అమెరికా కాంగ్రెస్ జీతాలు సమానం చేసేదాకా పట్టు విడవలేదు. ఆత్మగౌరవం కావాలంటే ఇంటి పోషణను పణంగా పెట్టాల్సిన దుస్థితి అది.

1870లో 15వ రాజ్యాంగ సవరణ నల్లజాతి మగవారికి ఓటు ఇచ్చింది. పోల్ టాక్స్, అక్షరాస్యత పరీక్షలు, మూక హత్యలు దక్షిణాదిలో దాన్ని లాగేసుకున్నాయి. తెల్ల స్త్రీలకు వీరివల్ల ముప్పని చెప్పి ఎన్నో హత్యలను సమర్థించుకున్నారు. ఆ సాకు ఎంత బూటకమో పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ 1892 నుంచి ఆధారాలతో బయటపెట్టారు. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్‌ను చంపిందీ ఇలాంటి ఆరోపణతోనే.

జుట్టు నెరిసిన నల్లజాతి మగవాడినీ తెల్లజాతివారు 'బాయ్' (కుర్రాడు) అనే పిలిచేవారు. పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల్లో నల్లజాతి పోర్టర్లను, వారి సొంత పేర్లతో పని లేకుండా, కంపెనీ యజమాని పేరుతో 'జార్జ్' అనేవారు. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో వారు సంఘం పెట్టుకుని, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు.

1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వాన పడుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీలో తలదాచుకున్నారు. యంత్రం ఉన్నట్టుండి కదలడంతో నలిగి చనిపోయారు. దాంతో సుమారు 1,300 మంది నల్లజాతి కార్మికులు సమ్మెకు దిగారు. రోజంతా చెమటోడ్చినా చాలామందికి ఇల్లు గడవని జీతాలు. 'ఐ యామ్ ఎ మ్యాన్' (నేను మగవాడిని) అన్న అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు. వారికి అండగా వచ్చిన పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అదే నగరంలో హత్యకు గురయ్యారు.

అయితే మగవాడంటే ఇంటి పెద్ద, కన్నీరు పెట్టనివాడు అన్న పాత కొలత మాత్రం మారలేదు. 1965 నాటి ప్రభుత్వ మోయినిహన్ నివేదిక స్త్రీలు నడిపే నల్లజాతి కుటుంబాలనే పెద్ద సమస్యగా చూపింది. 1963 నాటి వాషింగ్టన్ పౌరహక్కుల ప్రదర్శనకు ప్రధాన నిర్వాహకుడైన బేయర్డ్ రస్టిన్ స్వలింగ ప్రియుడు కావడంతో తెర వెనకే ఎక్కువగా ఉండాల్సి వచ్చింది. ఈ సంకుచిత భావాన్ని మొదట గట్టిగా నిలదీసింది నల్లజాతి స్త్రీలే: 1979లో మిషెల్ వాలెస్, 2004లో బెల్ హుక్స్ దీనిపై పుస్తకాలు రాశారు. పితృస్వామ్యం నల్లజాతి మగవారినీ గాయపరుస్తోందని హుక్స్ వాదించారు.

మరోవైపు 1986 నాటి మాదకద్రవ్యాల చట్టం పొడి కొకైన్ కంటే క్రాక్ కొకైన్‌ను వంద రెట్లు కఠినంగా చూసింది. 2010లో దాన్ని 18 రెట్లకు తగ్గించేలోగా ఎందరో నల్లజాతి తండ్రులు జైళ్లపాలయ్యారు. తండ్రిని జైలుకు పంపి, ఇంటికి దిక్కు లేకుండా చేశాడని అతన్నే నిందించడం ఘోరం. పాత కొలతకు భిన్నంగా, 2017లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందిన 'మూన్‌లైట్' మెత్తని మనసున్న నల్లజాతి కుర్రాడిని కథానాయకుడిగా నిలిపింది.

ఈ మగవారు అడిగిన గౌరవం న్యాయమైనది. అది దక్కాలంటే రాయిలా ఉండి తీరాలన్న షరతే అన్యాయం. ఆ షరతును బద్దలుకొడితేనే మెంఫిస్ కార్మికుల డిమాండ్ పూర్తిగా నెరవేరుతుంది. జీతం, చట్టం, భద్రత సమానంగా అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఏడ్చే హక్కు, ప్రేమించే హక్కు ఇవ్వాల్సింది మాత్రం ఇల్లూ సమాజమూ.