రోగకారకం కంటే ముందు దొరికిన మందు

కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఎండాకాలంలో మూత్రం మండితే ‘వేడి చేసింది’ అనుకొని సబ్జా నీళ్లు తాగుతారు. చాలాసార్లు అది ఎండ పనే. కానీ మంటతోపాటు చీము కారితే ఎండను అని లాభం లేదు. దాన్ని పెద్దలు సెగరోగం అనేవారు. దాని గుట్టు తెలుసుకోవడానికి వైద్యులు ఎన్ని దశాబ్దాలు తిప్పలు పడ్డారో!

1879లో బ్రెస్లా నగరంలో 24 ఏళ్ల ఆల్బర్ట్ నైసర్ ఆ చీములో జంటలు జంటలుగా ఉన్న సూక్ష్మజీవులను చూశాడు. అదే గనోకాకస్. చిక్కు వీడిందనుకున్నారు. అయితే అచ్చం అవే బాధలున్న కొందరిలో ఎంత వెతికినా అది కనిపించలేదు.

1907లో జావాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ట్రకోమా అనే కంటిజబ్బును పరిశీలిస్తూ, కణాల లోపల వింత చుక్కలు గమనించారు. కొన్నేళ్లకే అలాంటి చుక్కలు మగవాళ్ల మూత్రనాళంలోనూ బయటపడ్డాయి. ఆ చుక్కలకు కారణమైన జీవిని పెంచి చూద్దామంటే గాజుపళ్లెంలో పెరగదు. బతికున్న కణంలో తప్ప అది బతకదు. 1940లలో పెన్సిలిన్ వచ్చి గనోకాకస్‌ను అణిచింది. అయినా కొందరికి స్రావం ఆగలేదు. దానికి విరుగుడు మరో దారిలో దొరికింది.

భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికి అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు డైరెక్టర్. ఆయన బృందంలో బెంజమిన్ డగ్గర్ ఉన్నాడు. విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్బయి దాటాక కొత్త కొలువులో చేరిన వృక్షశాస్త్రవేత్త ఆయన. ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి జల్లెడ పట్టగా, 1945లో మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

పెన్సిలిన్‌కు లొంగని ఆ స్రావం ఈ కుటుంబపు మందులకు లొంగింది. ఎందుకు లొంగిందో అప్పటికి ఎవరికీ తెలియదు! 1957లో చైనాలో టాంగ్ ఫైఫాన్ ట్రకోమా జీవిని కోడిగుడ్డులో పెంచినట్టు ప్రకటించాడు. 1960లలో లండన్ వైద్యులు దాన్నే మగవాళ్ల మూత్రనాళంలో పట్టుకున్నారు. అదే క్లమీడియా. టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ ఈనాటికీ దానికి ముందువరస మందు.

అయితే ఏ క్రిమికి ఏ మందో డాక్టరే తేల్చాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం. భార్యకు ఏ బాధా లేకపోయినా ఆమెకూ చికిత్స చేయించండి. ఆమెలో క్లమీడియా చప్పుడు లేకుండా దాగి, సంతానయోగ్యతనే దెబ్బతీయగలదు. సిగ్గుపడి ఆలస్యం చేయకండి.