గుక్కెడు గాలి

జపాన్‌లోని క్యుషు దీవి. అరియాకే సముద్రతీరం. పోటుకీ పాటుకీ నీటిమట్టంలో ఆరు మీటర్ల దాకా తేడా వచ్చే చోటు. నీరు తీసేసింది. కనుచూపుమేర బురదే.

ఆ బురదలో ఒక బొరియ. దాని గుమ్మం దగ్గర అరచేతి పొడవైనా లేని చేప ఒకటి నోటినిండా గాలి పట్టింది. బుగ్గలు ఉబ్బాయి. గిరుక్కున తిరిగి లోపలికి దూరింది. కాసేపటికి నోరు ఖాళీ చేసుకుని పైకొచ్చింది. మళ్లీ గాలి పట్టింది, మళ్లీ దిగింది.

దాని పేరు టోబిహజే. బురదలో గెంతే మడ్‌స్కిప్పర్ చేపల్లో ఒక జాతి. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ ఒడ్డు మీదే ఊపిరి తీసుకోగలదు. మరి ఆ గాలిని కిందికి మోయడం ఎవరి కోసం?

నాగసాకి విశ్వవిద్యాలయానికి చెందిన అత్సుషి ఇషిమాత్సు బృందం ఈ చిక్కుముడి వెంట పడింది. మడ్‌స్కిప్పర్లు బొరియల్లో గాలి దాస్తాయని 1998లోనే ‘నేచర్’ పత్రికలో వెల్లడించింది ఆయన బృందమే. టోబిహజే బొరియ గాలం ఆకారంలో ఉంటుంది. కిందికి దిగి, కొసన పైకి వంపు తిరుగుతుంది. ఆ వంపులోని గది కప్పుకు గుడ్లు అతుక్కుని ఉంటాయి. బొరియ నీటిలో ప్రాణవాయువు లేనట్టే లెక్క. అందులో మునిగితే ఎదుగుతున్న పిండాలు బతకవు. అందుకే మగచేప ఆ గదిని గాలితో నింపుతుంది. పాటు వచ్చినప్పుడల్లా అదే పని.

అసలు మలుపు గుడ్లు పక్వానికొచ్చిన రాత్రి. పోటు ఎక్కుతోంది. చీకట్లోనూ చూడగల కెమెరాలు నడుస్తున్నాయి. ఇన్నాళ్లు గాలి మోసిన తండ్రి ఇప్పుడు అదే గాలిని గదిలోంచి నోటితో తోడి బయట వదిలేస్తున్నాడు! గాలి పోయిన చోటికి నీరొచ్చింది. గుడ్లు మునిగాయి. మునగడమే పిల్లలు బయటికి రావడానికి సంకేతం. పోటు నీటిలో అవి సముద్రంలోకి వెళ్లిపోయాయి. 2007లో ‘జర్నల్ ఆఫ్ ఎక్స్‌పరిమెంటల్ బయాలజీ’ ఈ సంగతి ప్రచురించింది.

ఇక ఈ చేపను ఇంట్లో గాజు తొట్టెలో పెంచే సంగతి. సగం నేల, సగం కాస్త ఉప్పగా ఉండే నీరు, వెచ్చటి తేమగాలి, గట్టి మూత ఉంటే మడ్‌స్కిప్పర్ బతుకుతుంది. మూత తప్పనిసరి. పొట్ట కింది రెక్కలతో అది గాజును కరుచుకుని ఎక్కేస్తుంది. ఇరుకు తొట్టెలో రెండు మగవాటిని వేస్తే కొట్లాట ఖాయం.

బతకడం వరకూ సరే, సంతానం మాటేమిటి? బొరియ నిలవాలంటే లోతైన జిగట బురద కావాలి. పోటూపాటూ కావాలి. ఆపైన పిల్లలు వారాల తరబడి నీటిలో తేలుతూ పెరగాలి. ఇవేవీ ఇంటి తొట్టెలో కుదరవు. కాబట్టే దుకాణాల్లో అమ్మే మడ్‌స్కిప్పర్లు దాదాపుగా ఏదో ఒక బురదతీరం నుంచి పట్టి తెచ్చినవే. ఒకటి కొంటే అక్కడ ఒకటి తగ్గినట్టే.

వీటిని చూడాలన్న ముచ్చట ఉంటే మనకు కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులున్నాయి. అది అభయారణ్యం. పట్టడం నేరం, చూడటానికి అడ్డులేదు. పాటు వేళ తెలుసుకుని వెళ్లండి. పోటు మీద వెళితే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు.