కలరా గదిలో పుట్టిన పుస్తకం

నేను చదువుకొన్నది తమిళ మీడియంలో. తెలుగు రాత పెద్దయినాక నేర్చుకొన్నాను. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల మన సంఘం పిల్లవాడొకడు అడిగినాడు: "తాతా, ఉద్యోగంలో పైకి రావాలంటే ఏ పుస్తకం చదవాలి?" అంగడికి పోతే అలాంటివి బోలెడు. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'విజయానికి ఐదు మెట్లు' ఉంది. తమిళంలో ఎం.ఎస్. ఉదయమూర్తి గారి 'ఎణ్ణంగళ్' ఉంది. వాడికి జవాబు చెప్పేముందు, ఇలాంటి పుస్తకాలకు దారి వేసిన ఒక పాత పుస్తకం కథ చెప్పాలి.

దాని పేరు 'సెల్ఫ్ హెల్ప్'. 1859లో లండన్‌లో అచ్చయింది. రాసినాయన శామ్యూల్ స్మైల్స్, స్కాట్లాండ్ మనిషి. వైద్యం చదివి, లీడ్స్ ఊరిలో పత్రిక నడిపి, ఆ పైన రైల్వేలో చేరినాడు. రెండు రైల్వే కంపెనీలకు సెక్రటరీగా పనిచేసినాడు. పగలు ఆఫీసు ఫైళ్లు, సాయంత్రం రాత. బతుకంతా రైల్వే గుమాస్తాగా గడిపిన నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది.

అయితే ఆ పుస్తకం ఆయన బల్ల మీద పుట్టలేదు. లీడ్స్‌లో ఇద్దరు ముగ్గురు పేద కుర్రవాళ్లు చలికాలం సాయంత్రాలు ఒకరింట్లో కూర్చుని, తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడం మొదలుపెట్టినారు. మంది పెరిగి ఇల్లు చాలలేదు. ఎండాకాలంలో తోటలో కూర్చున్నారు. వాన పడితే పలక మీది లెక్కలు చెరిగిపోయేవి. మళ్లీ చలి వచ్చేసరికి వంద మంది దాకా అయినారు. అప్పుడు వాళ్లకు దొరికింది కలరా రోగులను ఉంచిన పాత గది. భయపడి దాన్ని ఎవరూ అద్దెకు తీసుకోలేదు. వీళ్లు తీసుకొన్నారు. చదువు, రాత, లెక్కలు, భూగోళం అన్నీ అక్కడే.

1845లో వాళ్లు పిలిస్తే స్మైల్స్ పోయి మాట్లాడినాడు. కష్టపడి ఎదిగినవాళ్ల కథలు చెప్పినాడు. కొన్నేళ్లకు ఆ కుర్రవాళ్లలో ఒకడు, పదిమందికి పని ఇచ్చే స్థితికి వచ్చి, ఆయన్ను చూడవచ్చి ఆ మాటలు తలుచుకొన్నాడు. దానితోనే పుస్తకం రాయాలని ఆయనకు తోచింది. మొదట చూపిన ప్రచురణకర్త వద్దన్నాడు. తర్వాత జాన్ మర్రే వేస్తే మొదటి సంవత్సరమే 20,000 ప్రతులు అమ్ముడుపోయినాయి.

పేరు చూసి "ఎవడి సంగతి వాడు చూసుకో" అని చెప్పే పుస్తకమని కొందరు అనుకొన్నారు. పక్కవాడికి సాయపడటం కూడా అందులో భాగమేనని 1866 ముద్రణకు రాసిన ముందుమాటలో ఆయన చెప్పుకోవలసి వచ్చింది.

డేల్ కార్నెగీ కథా అంతే. 1936లో వచ్చిన ఆయన పేరుమోసిన పుస్తకం వెనుక, 1912లో న్యూయార్క్ వై.ఎం.సి.ఏ.లో మొదలైన సాయంత్రం క్లాసు ఉంది.

ఇక నా సంగతి. శాఖ పరీక్ష ఇంగ్లీషులో. ధైర్యం నూరిపోసే పుస్తకం ఒకటి కొని మూడుసార్లు చదివినాను. చదివినంత సేపు ధైర్యమే. పరీక్ష మాత్రం తప్పినాను. మరుసటి ఏడు క్వార్టర్స్‌లో నలుగురం రాత్రిపూట కూర్చున్నాము. రోజుకొకరు ఒక రూలు చదివి, మిగిలినవారికి తమిళంలోనో తెలుగులోనో విడమరిచి చెప్పాలి. నలుగురమూ గట్టెక్కినాము.

కాబట్టి ఆ పిల్లవాడికి నా జవాబు: ఏ మంచి పుస్తకమైనా చదువు నాయనా, కానీ ఒంటరిగా చదవకు.

మన సంఘం మేడ మీద గది విరిగిన కుర్చీలతో మూతపడి ఉంది. అందులో కలరా ఏమీ లేదు, దుమ్ము మాత్రమే. పిల్లకాయల కోసం వారానికి రెండు సాయంత్రాలు దాన్ని తెరుద్దామా? వచ్చే కూటంలో పెద్దలు తేల్చండి. తాళం ఇస్తే ఊడ్చడానికి నేనే వస్తాను.